మిర్చి బస్తాలో చెయ్యి ఎక్కడ పెట్టాలి? శాంప్లింగ్ పద్ధతుల్లో ఏది ఎప్పుడు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది. యార్డు నిండా మిర్చి బస్తాలే. కొనేవాళ్లు మూతి విప్పి పైన కనిపించే కాయ చూసి ధర చెప్పరు. లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీసి రంగు, తేమ, తొడిమ చూస్తారు. అనుమానం వస్తే బస్తాను కిందికి కుమ్మరిస్తారు. పైన ఎర్రగా ఉన్నదే అడుగునా ఉంటుందని నమ్మితే రంగు పోయిన తాలు కాయకు మేలురకం తేజ మిర్చి ధర పెట్టాల్సి వస్తుంది.

నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. శాంప్లింగ్ పాఠం, అంటే అందర్నీ అడగకుండా కొందర్ని ఎంచి అడిగి మొత్తం సంగతి చెప్పడం, ఈ బస్తాతోనే మొదలుపెడతాను. అందరూ చెప్పే అన్నం మెతుకు సామెత నాకు అంతగా నచ్చదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్న మాట తెల్లన్నానికి సరిపోతుంది, ఎసట్లో మెతుకులన్నీ ఇంచుమించు ఒకేలా ఉడుకుతాయి కాబట్టి. దమ్ బిర్యానీ గిన్నెలో పైపైన గరిటె పెడితే ముక్క తగలదు. మనం సర్వే చేసే ఊళ్లు, కాలేజీలు, బస్తీలు ఎక్కువగా బిర్యానీ రకమే.

ప్రాజెక్టుల సీజన్‌లో ఏటా వినే మాట ఒకటుంది. ‘సార్, గూగుల్ ఫామ్ పెట్టినం, 412 మంది నింపిండ్రు!’ మొన్నటి గుంపు ఎంచుకున్న విషయం, కాలేజీకి వచ్చిపోవడానికి విద్యార్థులకు నెలకు ఎంత ఖర్చవుతుందని. ఫామ్ లింకు ఎక్కడ పెట్టారని అడిగాను. క్లాసు వాట్సాప్ గ్రూపు, వాళ్ల స్నేహితుల గ్రూపులు, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ. ఆ 412 మందిలో మా కాలేజీ వాళ్లు ఎంతమందో వాళ్లకే తెలియదు. అంకె పెద్దది కదా అన్న ధీమా మాత్రం ఉంది.

ఆ ధీమా ఎంత నష్టం చేస్తుందో 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక చూపించింది. అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపితే దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ 57 శాతంతో గెలుస్తాడని రాసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, 60 శాతానికి పైగా ఓట్లతో. లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రాలు. అభిప్రాయ సర్వేలు చేసే జార్జ్ గాలప్ సుమారు 50 వేల మందినే అడిగి రూజ్‌వెల్టే అన్నాడు. పత్రిక పేర్లు తీసింది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయో చెప్పక్కర్లేదు. పైగా బ్యాలెట్ అందినవాళ్లలో నాలుగో వంతు కూడా జవాబివ్వలేదు.

ఇక్కడ రెండు రకాల తప్పులను విడదీసి చూడాలి. శాంపిల్ చిన్నదైతే జవాబు అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువమందిని అడిగితే ఆ ఊగుడు తగ్గుతుంది. రెండోది బయాస్, అంటే మొగ్గు. అది మాత్రం ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది, ఎక్కువమందిని అడిగినా తగ్గదు. తూకం రాయే తప్పైతే వంద బస్తాలు తూచినా తప్పే. పద్ధతి ఎంచుకోవడమంటే ఈ రెండో తప్పు ఎటునుంచి వస్తుందో ముందే పసిగట్టడం.

ముందు జాబితా సంగతి

ఏ పద్ధతి మంచిదని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే. మీ దగ్గర జాబితా ఉందా? అందులో ఎవరు లేరు?

భూపాలపల్లి, గోదావరిఖని వైపు పిల్లలు సింగరేణి కార్మికుల మీద ప్రాజెక్టు చేస్తామంటారు. చేతికి దొరికేది పర్మనెంట్ కార్మికుల జాబితా. కాంట్రాక్టు కార్మికులు అందులో ఉండరు. ఆ జాబితా నుంచి ఎంత పద్ధతిగా చీటీలు తీసినా వచ్చేది పర్మనెంట్ వాళ్ల కథే. అది తప్పు కాదు, కానీ రిపోర్టు పేరులో ‘సింగరేణి కార్మికులు’ అని మొత్తంగా రాస్తే తప్పు. ఓటరు జాబితాలో 18 ఏళ్లు నిండనివాళ్లు ఉండరు, ఊరు విడిచి వెళ్లినవాళ్ల పేర్లు మాత్రం మిగిలిపోతాయి. రేషన్ కార్డుల జాబితాలో కార్డు లేనివాళ్లు ఉండరు. పేదరికం మీద సర్వే చేసేవాళ్లకు కావలసింది ఒక్కోసారి సరిగ్గా వాళ్లే.

అందర్నీ లెక్కపెడితే ఈ గొడవే ఉండదు కదా అంటారు కొందరు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఇంట్లో ఉండాలని ముంబై, భీవండి వైపు నుంచి కూడా జనం బస్సులు పట్టుకుని ఊళ్లకు వచ్చారు. మొత్తం లెక్కలోనూ ‘ఆ రోజు ఎవరు ఎక్కడున్నారు’ అన్న ప్రశ్న పోదు. మా పిల్లల ప్రాజెక్టుకు అంత శక్తీ లేదు, అవసరమూ లేదు.

జాబితా ఉంటే: నాలుగు దారులు

లెక్క సులువు కోసం ఒక కాలేజీ అనుకుందాం. మొత్తం 1200 మంది. నగరంలోనే ఉండి వచ్చేవాళ్లు 700, ఊళ్ల నుంచి బస్ పాసు మీద వచ్చేవాళ్లు 300, హాస్టల్లో ఉండేవాళ్లు 200. మనం అడగగలిగేది 120 మందిని.

సింపుల్ ర్యాండమ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1200 నంబర్లు, కంప్యూటర్ తీసిన 120. ఎవరికీ ఎక్కువ తక్కువ అవకాశం లేదు. రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది, నోటికొచ్చిన నంబర్లు ర్యాండమ్ కావు. క్లాసులో ఒకటి నుంచి పది వరకు ఒక అంకె అనుకోమని చూడండి, 7 ఎంతమంది చెప్తారో! రెండోది, చీటీలు తీస్తే బాగా కలపాలి. 1969 డిసెంబరు 1న అమెరికాలో సైన్యంలోకి పిలవడానికి పుట్టినరోజుల లాటరీ తీశారు. తేదీలున్న గొట్టాలను సరిగా కలపలేదు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్లకు ముందు పిలుపు నంబర్లు ఎక్కువగా పడ్డాయి. మిర్చి బస్తా పైపొర కథే అదీ.

సిస్టమాటిక్ పద్ధతి నాకు ఇష్టం, చేతిలో కాగితం తప్ప ఏమీ లేకపోయినా నడుస్తుంది కాబట్టి. 1200ను 120తో భాగిస్తే 10. ఒకటి నుంచి పదిలోపు ఒక నంబరు చీటీ తీయండి. 7 వస్తే 7, 17, 27 అలా వెళ్లడమే. జాబితా గ్రూపుల వారీగా ఉంటే అన్ని గ్రూపుల నుంచీ వాటంతటవే పడతాయి, అదో లాభం. ప్రమాదమల్లా జాబితాలో ఏదైనా చక్రం తిరుగుతుంటే. ఊళ్లో దుకాణం అమ్మకాలు తెలుసుకోవాలని ప్రతి ఏడో రోజూ లెక్క చూశారనుకోండి. అది అంగడి (వారపు సంత) రోజున పడితే ఏడాదంతా అంగడి అమ్మకాలే వస్తాయి, పడకపోతే అంగడి లేనే లేనట్టు వస్తుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2020, 2022, 2024 ఫిబ్రవరి నెలల్లో వరంగల్ బస్టాండులో ప్రయాణికులను లెక్కపెట్టి ‘ఫిబ్రవరి నెల సగటు’ అని రాసేవాడికి సమ్మక్క తల్లే దిక్కు. ఆరో రోజో, పదకొండో రోజో తీసుకుంటే అంగడి బెడద పోతుంది.

మిగిలిన రెండు, స్ట్రాటిఫైడ్, క్లస్టర్. పరీక్షలో పిల్లలు తారుమారు చేసేది వీటినే. ఇంటర్వ్యూకు వచ్చిన పీజీ వాళ్లు తడబడటం కూడా చూశాను. మళ్లీ బస్తాల దగ్గరికే వెళ్దాం.

ఒక రైతు యాభై బస్తాలు తెచ్చాడు. మీరు ప్రతి బస్తా నుంచి గుప్పెడు తీశారు, అది స్ట్రాటిఫైడ్. ఐదు బస్తాలు ఎంచి మొత్తం కుమ్మరించి చూశారు, అది క్లస్టర్. రెండింట్లోనూ బస్తాలున్నాయి. ఏది మంచిదన్నది బస్తా ఎలా నింపారన్న దాన్నిబట్టి ఉంటుంది. కల్లంలో పంటంతా కలిపి నింపితే ఏ బస్తా అయినా మొత్తం పంటకు అద్దమే, ఐదు కుమ్మరిస్తే చాలు. మొదటి ఏరుడు కాయ కొన్ని బస్తాల్లో, మూడో ఏరుడు కాయ కొన్నిట్లో విడివిడిగా నింపితే ఆ ఐదూ మొదటి ఏరుడువే తగలొచ్చు. అప్పుడు ప్రతి బస్తాలో చెయ్యి పెట్టాల్సిందే. బస్తా లోపల అంతా ఒకేలా ఉండి, బస్తాకూ బస్తాకూ తేడా ఉంటే స్ట్రాటిఫైడ్. బస్తా లోపల అన్ని రకాలూ కలిసి ఉండి, బస్తాలన్నీ ఒకేలా ఉంటే క్లస్టర్.

కాలేజీకి వద్దాం. ప్రయాణ ఖర్చు ఎక్కడ ఉంటున్నారన్న దాన్నిబట్టి మారుతుందని అడగకముందే తెలుసు. అలాంటప్పుడు ఆ మూడు వర్గాలనూ విడదీసి 70, 30, 20 చొప్పున తీసుకోవడం మేలు. సింపుల్ ర్యాండమ్‌లోనూ హాస్టల్ వాళ్లు సగటున 20 మందే వస్తారు, కానీ ఒక శాంపిల్లో 12 పడొచ్చు, ఇంకోదాంట్లో 28 పడొచ్చు. ఆ ఊగుడును స్ట్రాటిఫైడ్ ముందే కట్టేస్తుంది. ఖర్చేమీ పెరగదు. జాబితాలో ‘హాస్టల్’, ‘బస్ పాసు’ అన్న కాలమ్ ఉంటే చాలు.

హాస్టల్ వాళ్ల గురించి విడిగా ఏదైనా చెప్పాలంటే 20 మంది చాలరు. అప్పుడు మూడు వర్గాల నుంచీ తలా 40 తీసుకోవచ్చు. కానీ సగటు కట్టేటప్పుడే చాలామంది బోల్తా పడతారు. నగరం వాళ్ల సగటు 600 రూపాయలు, ఊళ్ల వాళ్లది 900, హాస్టల్ వాళ్లది 150 వచ్చిందనుకోండి. 120 మంది జవాబులు కలిపి భాగిస్తే 550 వస్తుంది. అది తప్పు. నగరం వాళ్లు నిజానికి 700 మంది, హాస్టల్ వాళ్లు 200 మందే. ఆ లెక్కన బరువులు వేస్తే 600 వస్తుంది. సమానంగా తీసుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, బరువు వేయకపోతే అదే బయాస్.

క్లస్టర్ బలం ఖర్చులో ఉంది. 24 సెక్షన్లు, సెక్షన్‌కు 50 మంది. నాలుగు సెక్షన్లు చీటీ తీసి, నాలుగు పీరియడ్లలో 200 ఫామ్‌లు నింపించేసుకోవచ్చు. పిల్లలకు ఎంతో సుఖం. కానీ ఒకే సెక్షన్ వాళ్లు కొంతవరకు ఒకేలా ఉంటారు. ఒకే మీడియం, ఒకే గ్రూపు, ఒక్కోసారి ఒకే బస్సు. ఈ పోలికను కొలిచే అంకె ఒకటుంది. అది 0.05 అనుకున్నా లెక్క ఇలా వస్తుంది: 50 నుంచి ఒకటి తీసి 0.05తో గుణించి ఒకటి కలిపితే 3.45. 200ను దాంతో భాగిస్తే 58. అంటే ఆ 200 మంది సింపుల్ ర్యాండమ్‌గా తీసిన 58 మందితో సమానం! అదే 12 సెక్షన్లకు వెళ్లి ఒక్కోదాంట్లో పదిమందినే అడిగితే మొత్తం 120, లెక్క 1.45, దాని విలువ 83 మంది. తక్కువమందిని అడిగి ఎక్కువ తెలుసుకున్నాం. క్లస్టర్ వాడాల్సి వస్తే క్లస్టర్లు ఎక్కువ, ఒక్కోదాంట్లో మనుషులు తక్కువ. ఊళ్లలో తిరిగే ప్రాజెక్టుకూ ఇదే. రెండు ఊళ్లు మొత్తం ఊడ్చేకన్నా పది ఊళ్లలో పదేసి ఇళ్లు మేలు, ఆటో ఛార్జీ భరించగలిగితే. పెద్ద సర్వేలు కూడా ఇలా దశలవారీగానే వెళ్తాయి. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలో ముందు ఊళ్లను, తర్వాత ఆ ఊళ్లలో ఇళ్లను ఎంచుతారు.

జాబితా లేకపోతే

వరంగల్‌ కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్ల మీద ఒక అమ్మాయి ప్రాజెక్టు పెట్టుకుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మగ్గం మీద ఉన్నవాళ్లందరి పేర్లతో ఆమె చేతికి నికరమైన జాబితా దొరకలేదు. ఒక నేతగాణ్ని అడిగి, ఆయన చెప్పిన ఇద్దర్ని, వాళ్లు చెప్పిన నలుగుర్ని కలుస్తూ పోయింది. స్నోబాల్ అంటారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లను కలవాలన్నా ఇంతకంటే దారి దొరకడం కష్టం. పరిచయాలు ఎక్కువున్నవాళ్లు ఎక్కువగా దొరుకుతారు, ఒంటరివాళ్లు తప్పిపోతారు. అందుకే మొదటి మనిషిని ఒక్కచోట కాకుండా నాలుగైదు వాడల్లో వేర్వేరుగా పట్టుకోమన్నాను. ‘ఎలా బతుకుతున్నారు’ అన్నదానికి ఇది బాగా పనికొస్తుంది. ‘ఎంత శాతం’ అన్నదానికి పనికిరాదు.

ఆమె పనిలో ఇంకో గొయ్యి కూడా ఉంది. నేత గిట్టుబాటవుతుందా అని ఇప్పుడు మగ్గం మీద ఉన్నవాళ్లనే అడిగితే, గిట్టక సూరత్‌కో భీవండికో వెళ్లిపోయినవాళ్ల జవాబు ఎక్కడా రాదు. నిలిచినవాళ్లను చూసి వృత్తి ఫరవాలేదనుకుంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ విమానాల గురించి ఇదే చెప్పాడు. తిరిగొచ్చిన విమానాల మీద తూట్లు ఎక్కడున్నాయో చూసి అక్కడే రేకు మందం పెంచితే, తిరిగి రానివాటిని మరిచిపోయినట్టే. వెళ్లిపోయినవాళ్ల అన్నదమ్ములో, అమ్మానాన్నలో ఇంకా కొత్తవాడలోనే ఉంటారు, వాళ్లను అడుగమ్మా అన్నాను.

కోటా పద్ధతి చూడ్డానికి స్ట్రాటిఫైడ్‌లాగే ఉంటుంది. ఆడవాళ్లు ఇంతమంది, మగవాళ్లు ఇంతమంది, ఫలానా వయసువాళ్లు ఇంతమంది. తేడా ఒక్కటే. ఆ వర్గంలో ఎవరిని అడగాలో చీటీ చెప్పదు, అడిగేవాడి కాళ్లు చెప్తాయి. హనుమకొండ చౌరస్తాలో ఖాళీగా, నవ్వుతూ కనిపించినవాళ్లే కోటాలోకి వస్తారు. 1936లో గెలిచిన గాలప్, 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఇదే కోటా పద్ధతితో డ్యూయీ గెలుస్తాడని చెప్పి దెబ్బతిన్నాడు. గెలిచింది ట్రూమన్. ఎన్నికల దాకా ఆగకుండా ముందే ప్రశ్నలు అడగడం ఆపేయడం కూడా అందుకో కారణం.

ఇక ఎదురుపడ్డవాళ్లను అడగడం, గూగుల్ ఫామ్ పంచడం. ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో ముందుగా పరీక్షించుకోవడానికి బాగుంటాయి. అంతకుమించి వద్దు.

ఏ పద్ధతీ కాపాడలేనివి

చీటీ సరిగా తీసినా, తలుపు తీసేవాళ్లు ఉండాలి. పొద్దున పదకొండుకు వెళ్తే కూలికి పోయినవాళ్లు, ఉద్యోగులు దొరకరు. తాళం కనిపించగానే పక్కింటికి పోవడం మా పిల్లల అలవాటు. నేను ఒప్పుకోను. పక్కింట్లో ఉన్నది పగలు ఇంట్లో ఉండే మనిషి, తాళం వేసినవాళ్లు పగలు పనికి పోయే మనుషులు. సాయంత్రం ఇంకోసారి, ఆదివారం మరోసారి వెళ్లాలి. అప్పటికీ దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయాలి.

అడిగే తీరు కూడా చూసుకోవాలి. భార్య పక్కన కూర్చుని ఉండగా నెలకు మందుకు ఎంత పెడతావని అడిగితే వచ్చే అంకె దేనికీ పనికిరాదు.

కొలతలోనూ బయాస్ దూరుతుంది. వరి దిగుబడి అంచనాకు పొలంలో చతురస్రం గీసి కోత కోస్తారు, సాధారణంగా 5 మీటర్లకు 5 మీటర్లు. మరీ చిన్న ముక్క కోస్తే దిగుబడి ఎక్కువగా వస్తుందని స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే 1940లలో చూపించారు. గీత మీద ఉన్న దుబ్బును లోపలికి లాక్కోవడం మనిషి సహజం. ముక్క చిన్నదైతే గీత మీద ఉండే దుబ్బుల పాలు ఎక్కువ. ఎవరూ కావాలని మోసం చేయలేదు.

ఎంతమంది?

95 శాతం నమ్మకంతో, అంటే వందసార్లు సర్వే చేస్తే సుమారు 95 సార్లు నిలిచేలా, శాతాలు చెప్పడానికి సుమారు 400 మందైతే అసలు శాతానికీ మన శాతానికీ తేడా 5 శాతం అటూ ఇటూ ఉంటుంది, వెయ్యి మందైతే 3 శాతం. ఇది సింపుల్ ర్యాండమ్‌కు. క్లస్టర్‌కు పైన చెప్పినట్టు పెంచుకోవాలి. ఒక మండలానికైనా మూడున్నర కోట్ల తెలంగాణకైనా ఇంచుమించు ఇదే లెక్క. పిల్లలు దీన్ని ఓ పట్టాన నమ్మరు. ‘జనంలో పది శాతం తీయాలి కదా సార్’ అంటారు. గ్లాసు చారు ఉప్పు చూడటానికీ గుండిగ చారు ఉప్పు చూడటానికీ ఒక చెంచానే, బాగా కలిపితే. మా కాలేజీలాగా మొత్తమే 1200 ఉన్నచోట 5 శాతం తేడాకు 300 చాలు.

పిల్లల చేతిలో సమయం రెండు వారాలే ఉండి, జాబితా సరిగా ఉంటే సిస్టమాటిక్ చేయమంటాను. వర్గాల మధ్య తేడా ఉందని ముందే తెలిస్తే, జాబితాలో ఆ కాలమ్ ఉంటే, కళ్లు మూసుకుని స్ట్రాటిఫైడ్. ఊళ్లు తిరగాల్సి వస్తే రెండు దశల క్లస్టర్. జాబితా లేనివాళ్లకు స్నోబాల్, కానీ రిపోర్టులో శాతాలు రాయొద్దు.

ఆ 412 ఫామ్‌లు తెచ్చిన గుంపు చివరికి ఆఫీసు నుంచి రోల్ నంబర్లు తీసుకుని, మూడు వర్గాలుగా విడదీసి 120 మందిని ఎంచుకుంది. వారంలో 106 మంది దొరికారు. దొరకని 14 మందిలో ఎక్కువమంది ఊళ్లవాళ్లే, మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్లీ సాయంత్రం దాకా బస్సు లేదని ఆఖరి పీరియడ్ వదిలేసి వెళ్లేవాళ్లు. ప్రయాణం మీద సర్వే, ప్రయాణం వల్లే దొరకని మనుషులు. ఇద్దరు పిల్లలు మూడు రోజులు మధ్యాహ్నం భోజనం డబ్బాలు పట్టుకుని బస్టాండులో కూర్చున్నారు. పదకొండు మంది దొరికారు. మిగిలిన ముగ్గురి గురించి రిపోర్టులో ఒక వాక్యం రాయించాను.